బంతిమీద నక్షత్రపు గుర్తు

అమెరికాలోని కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ మ్యూజియానికి 2008లో ఒక బంతి చేరింది. 2007 ఆగస్టులో బారీ బాండ్స్, హాంక్ ఆరన్ నెలకొల్పిన 755 హోమ్ రన్‌ల రికార్డును దాటిన బంతి అది. వేలంలో దాన్ని కొన్న దుస్తుల వ్యాపారి, ఏం చేయమంటారని జనాన్ని ఓటు అడిగాడు. నక్షత్రపు గుర్తు వేసి మ్యూజియానికి పంపమన్నదానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఈ రికార్డును నమ్మలేమని ఆ గుర్తుకు అర్థం. మోసపోయిన అభిమాని ఆగ్రహం న్యాయమైనదే. కానీ ఆ ఆగ్రహం ఎవరిమీద ఆగిపోయిందన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న.

1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మె కట్టారు. జీతాలకు గరిష్ఠ పరిమితి విధించాలన్న యజమానుల పట్టుదల అందుకు ప్రధాన కారణం. ఆ యేడు వరల్డ్ సిరీస్ రద్దయింది. ఆట తిరిగి మొదలయ్యాక కూడా ప్రేక్షకులు తగ్గిపోయారు. 1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 హోమ్ రన్‌లు కొట్టి, రోజర్ మారిస్ 1961లో సాధించిన 61ని దాటేసరికి దేశమంతా మళ్లీ ఆటవైపు తిరిగింది. ఆ ఆగస్టులోనే మెగ్వైర్ లాకరులో ఆండ్రోస్టెన్‌డయోన్ సీసా ఒక విలేకరి కంట పడింది. ఒలింపిక్స్‌లో నిషిద్ధమైన ఆ మందుకు బేస్‌బాల్‌లో అప్పటికి నిషేధం లేదు. చాలామంది ఆ విలేకరినే తప్పుపట్టారు.

స్టెరాయిడ్లు వాడరాదని కమిషనర్ 1991లోనే మెమో పంపాడు. పరీక్షలు లేని నిషేధం కాగితం మీదే మిగిలింది. లాభాలు పెరుగుతున్నప్పుడు ఆటగాడి శరీరంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న తొందర యజమానులకు లేకపోయింది. పరీక్షలను చాలాకాలం ప్రతిఘటించినవారిలో ఆటగాళ్ల సంఘమూ వుంది. ఈ నిజాన్ని దాచడం మన పని కాదు. శిక్షలతో కూడిన పరీక్షలు 2004లోగాని రాలేదు. 2007 డిసెంబరులో మిచెల్ నివేదిక 89 మంది ఆటగాళ్ల పేర్లు బయటపెట్టింది. స్టెరాయిడ్లు వాడానని మెగ్వైర్ 2010లో ఒప్పుకున్నాడు. తెలిసి వాడలేదన్నది బాండ్స్ వాదన.

2022లో పదోసారి, చివరిసారి కూడా, పత్రికారచయితల ఓటులో బాండ్స్‌కు కీర్తిమందిరంలో చోటు దక్కలేదు. ఆ కాలమంతా బేస్‌బాల్‌కు అధిపతిగా వున్న బడ్ సీలిగ్, 2017లోనే అందులో సగౌరవంగా అడుగుపెట్టాడు. ఆటగాడి తప్పు తప్పే. అయితే అతని శరీరాన్ని సరుకుగా మార్చి అమ్ముకున్న వ్యవస్థమీద ఏ గుర్తూ పడలేదు.

1998 వేసవిని పరవశించి కీర్తించిందీ, తర్వాత తలుపు మూసిందీ పత్రికారచయితల వర్గమే. వీరుణ్ణి సృష్టించేటప్పుడు అడగని ప్రశ్నలు, అతను కూలిపోయాక అడగడం తేలిక. కలం పట్టిన మనం ఈ చరిత్ర నుంచి నేర్చుకోవలసింది అదే.