రిస్క్ ప్రాసెసరు

రిస్క్ అనేది కంప్యూటరు ప్రాసెసరును రూపొందించే ఒక పద్ధతి. తగ్గించిన ఆదేశావళి గల కంప్యూటరు అని దీనిని తెలుగులో చెప్పవచ్చు. పేరును బట్టి ఆదేశాల సంఖ్యను తగ్గించడమే దీని ఉద్దేశమని చాలామంది భావిస్తారు. నిజానికి ఇందులో తగ్గించినది ఒక్కొక్క ఆదేశం చేయవలసిన పనిని.

నేపథ్యం

1960, 70 దశకాలలో మెమరీ చాలా ఖరీదైనది. ప్రోగ్రాము తక్కువ చోటులో ఇమిడేందుకు ఒకే ఆదేశంతో ఎక్కువ పని చేయించేవారు. ఈ పద్ధతికి తరువాతి కాలంలో సిస్క్ అని పేరు వచ్చింది. 1977లో వెలువడిన వ్యాక్స్-11/780 ఇందుకు మంచి ఉదాహరణ. అయితే కంపైలర్లు ఇటువంటి క్లిష్టమైన ఆదేశాలను అరుదుగానే వాడుతున్నాయని పరిశీలనలలో తేలింది. పైగా వ్యాక్స్‌లోని ఇండెక్స్ అనే ఆదేశం చేసే పనిని కొన్ని చిన్న ఆదేశాలతో చేయిస్తే మరింత త్వరగా పూర్తయ్యేది.

పనిచేసే తీరు

రిస్క్‌లో ఆదేశాలు సాధారణంగా ఒకే పొడవులో ఉంటాయి. గణనలన్నీ రిజిస్టర్లలోనే జరుగుతాయి. మెమరీ నుండి విలువను తెచ్చేందుకు లోడ్, తిరిగి ఉంచేందుకు స్టోర్ అనే ఆదేశాలు వేరుగా ఉంటాయి. దీనివలన పైప్‌లైను సులభమవుతుంది. పెళ్ళి పంక్తిలో ఒకరు అన్నం వడ్డిస్తూ ముందుకు సాగుతుంటే వెనుకనే పప్పు, దాని వెనుక నెయ్యి వస్తాయి. మొదటి విస్తరికి అన్నీ వడ్డించేవరకు రెండవ విస్తరి ఖాళీగా ఉండదు. ప్రాసెసరులోనూ ఒక ఆదేశం అమలవుతుండగానే తరువాతి ఆదేశాన్ని చదవడం మొదలవుతుంది. ఎవరో ఒకరు ఒక విస్తరి వద్ద ఆగిపోతే వెనుకవారందరూ ఆగవలసిందే. క్లిష్టమైన ఆదేశాలతో వచ్చే చిక్కు సరిగ్గా ఇదే. దీనికి మూల్యం లేకపోలేదు: ప్రోగ్రాము పొడవు పెరుగుతుంది, కంపైలరుపై భారం పడుతుంది.

చరిత్ర

ఐ.బి.ఎం.లో జాన్ కాక్ ఆలోచనలతో 1975లో మొదలైన 801 ప్రాజెక్టు దీనికి తొలిరూపం. పరిశోధన జరిగిన భవనం సంఖ్యే దాని పేరు. రిస్క్ అన్న పేరు 1980లో బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్ బృందం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ మిప్స్ ప్రాజెక్టును ప్రారంభించాడు. వీరిద్దరికీ 2017 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. కాక్‌కు అది 1987లోనే దక్కింది.

బ్రిటన్‌లోని ఏకార్న్ సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన ఆర్మ్ తొలి చిప్ 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. చిప్‌కు విద్యుత్తు సరఫరా కలపకపోయినా, ఇతర తీగల నుండి చేరిన స్వల్ప విద్యుత్తుతోనే అది నడిచిందని ఫర్బర్ చెప్పిన సంగతి ప్రసిద్ధం. ఈ పొదుపు గుణమే తరువాత ఆర్మ్‌ను మొబైలు ఫోన్లలోకి తెచ్చింది. ఇంటెల్ సిస్క్ ప్రాసెసర్లు సైతం 1995 నాటి పెంటియం ప్రో నుండి తమ ఆదేశాలను లోలోపల చిన్న చిన్న పనులుగా విడగొట్టుకుంటున్నాయి.

2010లో బర్కిలీలో మొదలైన రిస్క్-ఫైవ్ ఆదేశావళిని ఎవరైనా రుసుము చెల్లించకుండా వాడుకోవచ్చు. మద్రాసు ఐ.ఐ.టి. వారి శక్తి ప్రాసెసర్లు దీనిపై ఆధారపడినవే.