ఉయ్యెల నుండి శిశుసంరక్షణాలయమునకు: సైబరాబాదున తొలిపలుకులు

పేరున 'బాల' యున్నను, 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము పసిబిడ్డల పలుకులను విచారించునది కాదు. లాల, బువ్వ, జోజో, బజ్జో, జేజి, బూచి అను మాటలు మన యిండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నను, పండితులు వానిని భాషగా గణించుట అరుదు. బిడ్డకు భాష నేర్పిన తొలి పాఠము మాత్ర మిదియే యని మా యభిప్రాయము. ఆ పాఠము హైదరాబాదు పశ్చిమభాగమున నేడెవరి చేతులలోనికి పోయినదో యీ వ్యాసమున పరిశీలింతుము.

ఈ మాటలలో అక్షరములు జంటగా వచ్చుటయు, ద్విత్వములు మెండుగా నుండుటయు గమనింపదగినది. 1964లో చార్లెస్ ఫెర్గుసన్ ఆరు భాషల లాలనపదములను పోల్చి అక్షరముల పునరుక్తి వానికి సామాన్యలక్షణమని చూపెను. మన పొరుగు భాషయగు మరాఠీ అందొకటి. పదములకంటె పద్ధతి ముఖ్యము. ఉగ్గు పెట్టుచు, నీళ్లు పోయుచు పెద్దలు బిడ్డను ప్రశ్నింతురు. బిడ్డ 'ఉంగా' యన్నచో దానినే ప్రత్యుత్తరముగా గైకొని మరల పలుకరింతురు. అన్నమాచార్యుడు (1408–1503) దైవమునే బిడ్డగా భావించి జోల పాడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు చేసిన పరిశోధన 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము'గా వెలువడి మౌఖిక గేయములకు విద్వల్లోకమున గౌరవము కల్పించినది.

1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. అటుపిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు సాఫ్ట్‌వేరు కార్యాలయములకు నెలవులైనవి. తల్లిదండ్రు లిరువురును ఉద్యోగులైన కుటుంబములు పెరిగినవి. 2017నాటి చట్టసవరణ మొదటి యిద్దరు బిడ్డల విషయమున వేతనముతోడి ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచినది. 50 మందియు అంతకు మించియు ఉద్యోగులు గల సంస్థలకు శిశుసంరక్షణాలయమును విధించి, తల్లి దినమునకు నాలుగుమార్లు బిడ్డను చూచి వచ్చుట కవకాశ మిచ్చినది.

ఇచ్చట నొక విశేషము కలదు. ఆ సెలవులో 8 వారములవరకు ప్రసవమునకు ముందే వాడుకొనవచ్చును. కావున తల్లి మరల కొలువునకు పోవునప్పటికి బిడ్డకు నాలుగు మొదలు ఆరు నెలల ప్రాయము. బిడ్డ 'బబబ' యని అక్షరములు కూర్చుట సాధారణముగా ఆరవ నెల మొదలు పదవ నెలలోపల ఆరంభమగును. అనగా బిడ్డ పలుకనారంభించు వేళకే ప్రత్యుత్తర మిచ్చువారు మారుచున్నారు. ఆ స్థానమున అమ్మమ్మ, ఆయా, లేదా చేతిఫోను నిలుచుచున్నది.

ఈ మూడును సమానములు కావు. 2003లో ప్యాట్రీషియా కుల్ బృందము తొమ్మిదినెలల అమెరికను శిశువులకు చీనాభాష వినిపించినది. మనుష్యులు ఎదుట కూర్చుండి ఆడించినపుడు 12 పర్యాయములలో శిశువులు ఆ ధ్వనిభేదములను గ్రహించిరి. తెరమీద చూపినపుడు గ్రహింపలేదు. ఏడాదిలోపు శిశువులకు తెర కూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

కాబట్టి ఆయా తన తెలుగున, అమ్మమ్మ తన యాసలో పలుకరించుట బిడ్డకు లోపము కాదు. రెండు భాషలు వినుటవలన మాట ఆలస్యమగునను భయము నిరాధారము. బిడ్డ పలుకునకు మారుపలుకు లేకపోవుటయే లోపము. ఈ ప్రాంతపు ఇండ్లలోను, శిశుసంరక్షణాలయములలోను నేడు వినవచ్చు లాలనపదములను సేకరించుట తెలుగు పరిశోధకవిద్యార్థులు వెంటనే పూనుకొనదగిన కార్యము. లాల, బువ్వలలో ఏవి నిలిచినవో, ఏవి జారిపోవుచున్నవో తెలిసికొనుటకు ఇదియే సమయము.