ఆటలో పుట్టే మాట

పుట్టిన శిశువుకు ఏడవటం ఎవరూ నేర్పరు. పాలు చప్పరించటం, వేలు అందిస్తే పట్టుకొనటం కూడ పుట్టుకతో వచ్చిన శక్తులే. మాట మాత్రం అట్లు కాదు. మాట నేర్చే శక్తి శిశువుకు పుట్టుకతోనే ఉన్నది. కాని చుట్టూ ఉన్నవారు మాట్లాడనిదే ఆ శక్తి మొలకెత్తదు. ఈ సంగతి నేడు సులభంగా తోస్తున్నది. దీనిని తెలిసికొనటానికి మాత్రం మానవునికి రెండువేల సంవత్సరాలకు పైగా పట్టినది. ఈ చరిత్రలో రాజులున్నారు, తత్త్వవేత్తలున్నారు, ఉయ్యాల పక్కన కూర్చుని దినచర్య వ్రాసుకొన్న తండ్రులున్నారు. వారందరూ తిరిగి తిరిగి చేరిన చోటు, మన ఇళ్ళలో పెద్దలు పసిపిల్లలను ఆడించే ఆటలే కావటం విశేషం.

ఎల్లమీది ఊరు

ఈ విషయాన్ని ఆలోచించటానికి కామారెడ్డి జిల్లాలోని మద్నూర్ వంటి ఊరు తగిన చోటు. ఇది తెలంగాణ అంచున, మహారాష్ట్ర ఎల్లను ఆనుకొని, కర్ణాటక ఎల్లకు చేరువలో ఉన్నది. 1948 వరకు ఈ ప్రాంతమంతా నిజాం రాజ్యంలోనిది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని భాషలను బట్టి మూడు ముక్కలుగా పంచినప్పుడు, నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. దెగ్లూరు పట్టణం మరాఠీ ప్రాంతంతో పోయినది. గీతను పటం మీద గీయటం సులభమే. నాలుకల మీద గీయటం సులభం కాదు. నేటికీ ఈ సరిహద్దు పల్లెలలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ, లంబాడీ మాటలు వినబడుతూనే ఉన్నవి. ఒకే వాకిట్లో ఆడుకొనే ఇద్దరు బిడ్డలలో ఒకరు అమ్మ అనీ, మరొకరు ఆయీ అనీ పిలవవచ్చును. ఈ తేడా రక్తంలో లేదు. ఆ బిడ్డలను ఎత్తుకొని ఆడించినవారి నోటిలో ఉన్నది.

రాజుల పరీక్షలు

పూర్వులకు ఇది తెలియలేదు. బిడ్డను ఎవరూ పలకరించకుండా పెంచితే, మానవజాతి మొట్టమొదటి భాష దానంతట అదే బయటపడుతుందని కొందరు తలచినారు. ఈజిప్టు రాజైన సామెటికస్ ఇద్దరు శిశువులను ఒక గొర్రెలకాపరికి అప్పగించి, వారి ఎదుట ఎవరూ మాట్లాడరాదని శాసించినట్లు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. రెండేళ్ళకు ఆ పిల్లలు ‘బెకోస్’ అన్నారట. ఫ్రిజియా భాషలో ఆ మాటకు రొట్టె అని అర్థం. కనుక ఫ్రిజియనులే అందరికంటె ప్రాచీనులని రాజు తేల్చినాడట. పిల్లలు తమ చుట్టూ తిరిగే మేకల అరుపునే అనుకరించి ఉంటారన్న వివరణ తరువాతి వారికి తోచినది.

మన దేశంలో అక్బరు చక్రవర్తి చేయించిన పరీక్ష ఇంతకంటె స్పష్టమైన సమాధానం ఇచ్చినది. ఆయన కొందరు శిశువులను ఒక భవనంలో ఉంచి, పెదవి విప్పని దాదులచేత పెంచించినాడు. ఆ భవనానికి గుంగ్ మహల్, అనగా మూగమేడ, అనే పేరు వచ్చినది. నాలుగేళ్ళ తరువాత, 1582లో చక్రవర్తి స్వయంగా వెళ్ళి చూసినప్పుడు, ఆ పిల్లల నోట మూగల శబ్దాలు తప్ప ఒక్క మాట కూడ రాలేదని అబుల్ ఫజల్ అక్బర్ నామాలో వ్రాసినాడు. వారికి పాలకు, నీడకు, పరిచర్యకు కొరతలేదు. లేనిది పలకరింపు ఒక్కటే. రాజాజ్ఞ వల్ల ఆ పిల్లలు కోల్పోయిన దానికి లెక్కలేదు. నేడు ఇటువంటి పరీక్షను ఏ ధర్మమూ, ఏ చట్టమూ ఒప్పదు.

వస కొమ్ము

మన ఇళ్ళలో మాటకు వేరే ఉపాయం ఉండేది. వస కొమ్మును సానరాయి మీద అరగదీసి, తల్లిపాలలోనో తేనెలోనో రంగరించి బిడ్డ నాలుకకు రాసేవారు. దానివల్ల మాట త్వరగా, స్పష్టంగా వస్తుందని నమ్మకం. ఎడతెగక మాట్లాడే పిల్లను వసపిట్ట అనటం అందరికీ తెలిసినదే. అయితే వస వల్ల మాట వస్తుందనటానికి శాస్త్రీయమైన రుజువు లేదు. పైగా ఈ దుంపలో ఉండే అసరోన్ అనే రసాయనం హానికరమన్న అనుమానంతో, 1968లో అమెరికా ప్రభుత్వం దీనిని ఆహారపదార్థాలలో వాడరాదని నిషేధించినది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించటం కూడ ప్రమాదమే. అందులో అరుదుగా ఉండే సూక్ష్మజీవుల బీజాలు పసివారి ప్రేగులలో పెరిగి విషాన్ని పుట్టించగలవు.

మరి వస పోసిన ఇళ్ళలో పిల్లలు మాట్లాడలేదా? మాట్లాడినారు. కాని కొమ్ము అరగదీస్తున్నంత సేపు బిడ్డను ఒడిలో పెట్టుకొని ముచ్చట చెప్పిన అవ్వ మాటను ఎవరూ మందుగా లెక్కించలేదు. గుణం అందులోనే ఉన్నది.

దినచర్యల కాలం

పిల్లలను ఒంటరిగా ఉంచి కాక, ఇంటిలోనే గమనించి తెలిసికొనాలన్న పద్ధతి 18వ శతాబ్దిలో బలపడినది. జర్మన్ తత్త్వవేత్త టీడెమాన్ తన కుమారుని ఎదుగుదలను వ్రాసిపెట్టి 1787లో ప్రకటించినాడు. పరిణామవాదానికి ప్రసిద్ధుడైన చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన పెద్ద కొడుకును గురించి వ్రాసుకొన్న సంగతులను 1877లో వ్యాసంగా వెలువరించినాడు. ఆ బిడ్డ సరిగా ఏడాది నిండేసరికి ఆహారానికి ‘మమ్’ అనే మాటను సొంతంగా కల్పించుకొన్నాడు. ఆకలి వేస్తే ఏడవటం మాని, ‘మమ్’ అనేవాడు. చక్కెరకు ‘షు-మమ్’ అన్నాడు. పిల్లవాడు చిలుకవలె ఒప్పజెప్పటం లేదనీ, ఉన్న మాటలతో కొత్త మాటలు కూర్చుకొంటున్నాడనీ దీనివల్ల తెలిసినది. 1907లో క్లారా స్టెర్న్, విలియం స్టెర్న్ అనే జర్మన్ దంపతులు తమ పిల్లలను గమనించి బాలభాషపై ఒక పెద్ద గ్రంథమే వ్రాసినారు.

20వ శతాబ్ది నడుమ ఒక వివాదం రేగినది. అనుకరణ, మెప్పు, అలవాటు వీటివల్లనే మాట వస్తుందని అమెరికా మనస్తత్త్వవేత్త స్కిన్నర్ 1957లో వాదించినాడు. ఎన్నడూ వినని వాక్యాలను పిల్లలు ఎట్లు చెప్పగలుగుతున్నారని 1959లో నోమ్ చోమ్‌స్కీ ఎదురు ప్రశ్న వేసినాడు. భాషాశక్తి మానవుని పుట్టుకలోనే ఉన్నదన్నాడు. ఈ చర్చ నేటికీ పూర్తిగా ముగియలేదు. కాని విత్తనం గొప్పదా, నేల గొప్పదా అని వాదించేవారు కూడ రెండూ కావలెనన్న దానిని కాదనలేరు.

బువ్వ, లాల, జేజ

పెద్దలు పసివారితో మాట్లాడేటప్పుడు గొంతు మార్చి, మాటలను చిన్నవి చేసి, సాగదీసి పలుకుతారు. మనం అన్నాన్ని బువ్వ అంటాము. స్నానాన్ని లాల అనీ, దేవుని జేజ అనీ అంటాము. ఇది అజ్ఞానమనీ, దీనివల్ల పిల్లల పలుకు చెడిపోతుందనీ కొందరి అభిప్రాయం. 1964లో భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫెర్గుసన్ ఆరు భాషలలో ఇటువంటి మాటలను పోల్చి చూసినాడు. అందులో ఒకటి మద్నూర్‌కు పొరుగు భాషయైన మరాఠీ. మరాఠీ బాలభాషపై అశోక్ కేల్కర్ వ్యాసం కూడ అదే సంవత్సరం వెలువడినది. ఆ భాషలన్నిటిలోను సులభమైన హల్లులు, ఒకే అక్షరాన్ని రెండుసార్లు పలకటం, తిండి, బంధువులు, శరీరం, జంతువులు వంటి దగ్గరి విషయాలకే మాటలు ఉండటం సమానంగా కనబడినవి. నాలుగు నెలల శిశువులు మామూలు మాట కంటె ఇట్లు ముద్దుగా పలికే మాటనే ఎక్కువగా కోరి వింటారని 1985లో ఆన్ ఫెర్నాల్డ్ ప్రయోగపూర్వకంగా చూపినది.

ట, త ల పరీక్ష

మాట రాకముందే చెవి ఎంత పని చేస్తుందో 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ జరిపిన ప్రయోగాల వల్ల తెలిసినది. హిందీలో, తెలుగులో వలెనే, ట వేరు, త వేరు. ఇంగ్లీషు మాట్లాడే పెద్దలకు ఈ తేడాను వినటం చాల కష్టం. కాని ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరు, ఎనిమిది నెలల శిశువులు దీనిని సులభంగా గుర్తించినారు. ఏడాది నిండేసరికి వారిలో ఆ శక్తి చాలవరకు తగ్గిపోయినది. హిందీ ఇళ్ళలోని బిడ్డలలో నిలిచినది. అనగా మొదటి ఏడాదిలోనే చెవి తన ఇంటి భాషకు తగినట్లు పదును పెట్టుకొంటున్నది.

ఈ పదును యంత్రం పెట్టగలదా? 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు 12 పర్యాయాలు చైనా భాష వినిపించినది. ఎదురుగా కూర్చుని ఆడించిన మనుష్యుల నుండి శిశువులు ఆ భాష ధ్వనులను నేర్చుకొన్నారు. అవే మాటలను తెరమీద చూసిన శిశువులు ఏమీ నేర్చుకొనలేదు. శబ్దం ఒకటే, ఎదుట స్పందించే మనిషి ఉండటమే తేడా. ఏడాది లోపు బిడ్డలకు తెర చూపనేకూడదనీ, రెండేళ్ళ వారికి కూడ రోజుకు ఒక గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

ఆటలోని పాఠం

రెండు మూడు నెలల బిడ్డ ‘ఉంగా’ అంటే తల్లి కూడ ‘ఉంగా’ అంటుంది. ఆగి బిడ్డ ముఖంలోకి చూస్తుంది. బిడ్డ మళ్ళీ పలుకుతుంది. 1970ల దశకంలో మేరీ కేథరిన్ బేట్‌సన్ దీనిని సంభాషణకు పూర్వరూపంగా గుర్తించినది. ఇందులో మాటలు లేవు. కాని ఒకరి తరువాత ఒకరు పలకవలెనన్న సంభాషణ నియమం అప్పుడే ఉన్నది.

కొంగు చాటున ముఖం దాచుకొని ‘బూ’ అంటూ బయటపడే ఆటను జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్త్వవేత్త శ్రద్ధగా పరిశీలించి 1978లో వివరించినాడు. మొదట దాగేది తల్లి, నవ్వేది బిడ్డ. కొన్ని నెలలకు బిడ్డయే కొంగు లాగుతాడు. తరువాత తానే దాగి, తానే ‘బూ’ అంటాడు. తరువాత ఏమి రానున్నదో తెలియటం, తన వంతుకు ఎదురుచూడటం, పాత్రలు మార్చుకొనటం అనే మూడూ సంభాషణకు పునాదులు.

కాళ్ళాగజ్జె ఆటలో పిల్లలు కాళ్ళు చాపి వరుసగా కూర్చుంటారు. పెద్దలు పాటలోని ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కాలు తాకుతూ పోతారు. ధారగా సాగే పలుకులో ఒక మాట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలగునో తెలియటం పసివారికి పెద్ద సమస్య. అక్షరాలు ఏవి ఏవి తరచుగా కలిసి వస్తున్నవో గమనించి ఎనిమిది నెలల శిశువులు మాటలను విడదీయగలరని 1996లో జెన్నీ సఫ్రాన్ బృందం చూపినది. తాకుడుతో, తాళంతో మాటలను విడదీసి అందించే ఆట ఆ పనిలో బిడ్డకు తోడుపడుతుందని ఊహించవచ్చును. గుడుగుడు గుంచం, తారంగం, చెమ్మచెక్కలలోనూ పాట, చేయి, చూపు కలిసే నడుస్తవి. కాస్త ఎదిగిన తరువాత కథ వింటూ ఊకొట్టటం కూడ ఇటువంటిదే. ‘ఊ’ ఆగితే కథ ఆగుతుంది. కనుక వినేవానికీ అందులో బాధ్యత ఉన్నది.

వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) ఇటువంటి పలుకులను ‘బాలభాష’ పేర సేకరించినారు. బిరుదురాజు రామరాజు (1925–2010) ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాలపై పరిశోధన చేసినారు. సాహిత్యంగా వారు కాపాడిన సంపదకు భాషాశాస్త్రంలోనూ విలువ ఉన్నదని తరువాతి పరిశోధనలు తెలుపుతున్నవి.

ఏ భాషలో ఆడించవలెను?

మద్నూర్ వంటి చోట ఈ ప్రశ్న తప్పదు. ఇంట మరాఠీయో, లంబాడీయో, బడిలో తెలుగో, ఇంగ్లీషో అయితే, బిడ్డతో ఏది మాట్లాడవలెను? రెండు భాషలు కలిస్తే బుద్ధి మందగిస్తుందన్న భయం 20వ శతాబ్ది మొదటి సగంలో విద్యావంతులలోనూ ఉండేది. 1913లోనే ఫ్రెంచి పండితుడు రోంజా, తన కుమారుడు ఫ్రెంచి, జర్మన్ భాషలను ఏ చిక్కూ లేకుండ నేర్చిన క్రమాన్ని ప్రకటించినాడు. 1962లో మాంట్రియల్ నగరంలో పీల్, లాంబర్ట్ జరిపిన పరిశీలనలో రెండు భాషల పిల్లలు వెనుకబడకపోవటమే కాక, కొన్ని పరీక్షలలో ముందు నిలిచినారు. కనుక తల్లిదండ్రులు తమకు బాగా వచ్చిన భాషలో, మనసారా నవ్వి కోపగించగల భాషలో, బిడ్డను ఆడించటమే మేలు. రానిభాషలో నాలుగు ముక్కలు పలికి ఊరకుండటం వల్ల బిడ్డకు రెండూ దక్కవు.

మాట ఆలస్యమైతే

ఎంత ఆడించినా కొందరు బిడ్డలకు మాట రాదు. ‘వాళ్ళ నాయనకు కూడ ఆలస్యంగానే వచ్చినది’ అని ఊరకుండటం ప్రమాదం. వినికిడి లోపమే కారణమైతే, పోయే ప్రతి నెలా విలువైనదే. పెద్ద చప్పుడుకు ఉలికిపడకపోయినా, ఏడాదికి ‘తాత, అత్త’ వంటి పలుకులు లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటయినా రాకపోయినా, రెండేళ్ళకు ‘అమ్మ రా’ వంటి రెండు మాటల కూర్పు లేకపోయినా వైద్యునికి చూపవలెను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే 30 రకాల ఇబ్బందులలో పుట్టుచెవుడు, మాట ఆలస్యం కూడ ఉన్నవి. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో దేశానికి ప్రధాన కేంద్రం.

ఉన్నత పాఠశాల విద్యార్థుల ఇళ్ళలో చెల్లెళ్ళో, తమ్ముళ్ళో, అన్న బిడ్డలో ఉంటారు. పల్లెలో వారిని ఎత్తుకొని తిరిగేది తరచుగా ఈ విద్యార్థులే. చేతిలో ఫోను పెట్టి ఏడుపు మాన్పించే బదులు వారితో రోజూ కొంతసేపు ఆడితే చాలు. బిడ్డ చూసిన వస్తువు పేరు చెప్పటం, అది పలికినదానికి బదులు పలకటం, బదులు కోసం కాస్త ఆగటం అనే మూడే అందులోని నియమాలు. అక్బరు మూగమేడలో లేనిది ఇదే. ఏ పేద ఇంటిలోనైనా ఖర్చు లేకుండ దొరికేదీ ఇదే.