బ్రోకెన్ హిల్: వెండి గట్టు కింద వెలసిన ఊరు

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు పడమటి కొసన, ఎర్రమట్టి మైదానాల మధ్య ఉన్న గనుల పట్టణం బ్రోకెన్ హిల్. సిడ్నీ నుంచి రోడ్డు మీద 1,100 కిలోమీటర్లకు పైనే. అడిలైడ్‌కు అందులో సగం దూరం కూడా ఉండదు. అందుకే ఊరి గడియారాలు దక్షిణ ఆస్ట్రేలియా కాలమానాన్ని పాటిస్తాయి. సిడ్నీ వైపు నుంచి కారులో వచ్చేవారికి విల్కానియా దాటాక దాదాపు 200 కిలోమీటర్ల వరకు మరో ఊరు తగలదు.

ఇది విల్యాకలి ప్రజల నేల. 1883లో మౌంట్ గిప్స్ గొర్రెల క్షేత్రంలో సరిహద్దు కంచెలు చూసుకునే చార్లెస్ రాస్ప్, ఇక్కడి గట్టు మీది నల్లరాయిలో తగరం ఉందనుకుని హద్దు గుర్తులు పాతాడు. బయటపడింది తగరం కాదు. వెండి, సీసం, జింకు కలిసిన ఖనిజం. అలాంటి నిక్షేపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో అదొకటి. దాని మీదే 1885లో బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ కంపెనీ ఏర్పడింది. నేటి బీహెచ్‌పీకి మూలం అదే. 1939లో ఆ కంపెనీ ఇక్కడ తవ్వకం మానేసినా, వేరే కంపెనీలు కొనసాగించాయి. ఊరికి పేరిచ్చిన గట్టును తవ్వేశారు. ఇప్పుడు ఊరి నడుమ కనిపించేది గని నుంచి తోడిపోసిన రాళ్ల గుట్ట. ఆర్జెంట్, ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్ అనే వీధుల పేర్లన్నీ ఖనిజశాస్త్రం నుంచి వచ్చినవే.

బ్రోకెన్ హిల్‌కు వచ్చినవారు మొదట ఎక్కాల్సింది ఆ గుట్ట. పైన ఉన్న స్మారకంలో, గనుల్లో ప్రాణాలు పోయిన 800 మందికి పైగా కార్మికుల పేర్లున్నాయి. ఎవరు ఎలా చనిపోయారో కూడా రాసి ఉంది. పైకప్పు కూలి, గుంటలో పడి, పేలుడులో చిక్కి పోయినవారి పేర్లు వరుసగా చదివాక ఊరి కార్మికోద్యమం ఎందుకంత పట్టుదలగా సాగిందో తెలుస్తుంది. 1919లో మొదలైన సమ్మె ఏడాదిన్నర సాగి, భూగర్భంలో పనిచేసేవారికి వారానికి 35 గంటల పనిని సాధించిపెట్టింది. కార్మిక సంఘాల భవనం ట్రేడ్స్ హాల్ నేటికీ ఠీవిగా నిలిచి ఉంది.

రైలు రాకముందు, వచ్చాక కూడా, ఎడారి దారుల్లో సరుకు మోసింది ఒంటెలు. వాటిని నడిపిన అఫ్గాన్, బ్రిటిష్ ఇండియా ముస్లింలు తమ విడిది దగ్గర రేకులతో కట్టుకున్న చిన్న మసీదు ఇప్పటికీ ఉంది. దాన్ని మ్యూజియంగా కాపాడుతున్నారు.

యాత్రికులు తెలియకుండానే దాటిపోయే విశేషం మరొకటుంది. గనుల్లో దన్నుగా నిలపడానికి, పొయ్యిల్లో వంటచెరకుకు చుట్టుపక్కల చెట్లన్నీ నరికేశారు. మిగిలిన పచ్చికను పశువులు, కుందేళ్లు మేసేశాయి. ఇసుక తుఫాన్లు ఊరిని ముంచెత్తేవి. గనిలో ఖనిజ పరీక్షకుడైన ఆల్బర్ట్ మోరిస్ దీనికి చవకైన మార్గం చూపాడు: కంచె వేసి పశువులనూ కుందేళ్లనూ రానివ్వకపోతే, సాల్ట్‌బుష్ వంటి స్థానిక మొక్కలు తమంతట తామే తిరిగి మొలుస్తాయని. 1936లో జింక్ కార్పొరేషన్ గని పరిసరాల్లో మొదలైన ఈ పని క్రమంగా ఊరి చుట్టూ వనవలయంగా పెరిగింది. బ్రోకెన్ హిల్ లోకానికి ఇచ్చినవాటిలో వెండి కన్నా ఈ పాఠం విలువైనది. 2015లో దేశ వారసత్వ జాబితాకెక్కిన తొలి ఆస్ట్రేలియా నగరం ఇదే.

ఊరి బయటి గుట్ట మీద 1993లో వివిధ దేశాల శిల్పులు చెక్కిన 12 ఇసుకరాతి శిల్పాలు ఉన్నాయి. అవి చూడటానికి సాయంత్రం మేలు. వాయవ్యంగా 25 కిలోమీటర్ల దూరంలో సిల్వర్టన్ ఉంది. బ్రోకెన్ హిల్ కన్నా ముందే వెండి దొరికిన ఊరది. బ్రోకెన్ హిల్ గనులు పెరగగానే జనం ఇక్కడికి తరలివచ్చేశారు. అక్కడ కొన్ని రాతి కట్టడాలు, పాత జైలు, ఒక హోటల్ మిగిలాయి. ఆ దాపునే ఉన్న ముండి ముండి మైదానం 1981 నాటి ‘మ్యాడ్ మ్యాక్స్ 2’ సినిమాకు నేపథ్యమైంది.