గాత్రమునకు కూలి

సిద్దిపేట జిల్లాలోని నంగునూరు పరిసరములందు, కొమురవెల్లి మల్లన్న కథను తెల్లవార్లు చెప్పెడి ఒగ్గు కళాకారునకు పూర్వము లభించిన ప్రతిఫలము ధాన్యమో, వస్త్రమో, మల్లన్న పూజకై ముగ్గుల పట్నము వేయించిన యింటివారి సంభావనయో. అదియు ఆతడు స్వయముగా నిలిచి పాడిననే దక్కెడిది. గొంతు రాసిన నాడు రాబడి లేదు (వైద్యునకు మాత్రము కలదు!).

1902లో గాయని గౌహర్‌జాన్ గానమును గ్రామఫోను కంపెనీ కలకత్తాలో ముద్రించిన పిదప గాత్రము గాయకుని విడిచి దేశాటనము చేయ నేర్చినది గాని, దానివెంట ధనము ఆతనికడకు మరలివచ్చుట కలవాటుపడలేదు. 1957 నాటి కాపీరైటు చట్టమున 1994లో ప్రదర్శకుల హక్కులు చేరి, 2012 సవరణముతో గాని వారికి రాయల్టీ స్థిరపడలేదు.

ఇప్పుడన్ననో, కృత్రిమ మేధ గాయకుడు పాడని పాటనుసైతము ఆతని కంఠముతోనే పాడించుచున్నది. 2024లో ‘లాల్ సలామ్’ చిత్రమునకై, దివంగత గాయకులైన బంబా బాక్యా, షాహుల్ హమీదుల స్వరములను ఏ.ఆర్. రెహమాన్ వారి కుటుంబముల యనుమతితో, పారితోషికమిచ్చి పునఃసృష్టించెను. ఆ యేడే, ‘కీడా కోలా’ చిత్రములో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం స్వరమును అనుమతిలేక కల్పించిరని ఆరోపించుచు ఆయన కుమారుడు చరణ్ నోటీసు పంపెను. మొదటిదే న్యాయమైన మార్గమని నా యభిప్రాయము.

కావున, ఒగ్గు కళాకారులారా, మీ గాత్రమును రికార్డు చేయ నెవరైన వచ్చినచో, సంతకమునకు ముందే ప్రయోజనమును, కాలపరిమితిని, ప్రతిఫలమును కాగితమున వ్రాయించుకొనుడు.