అమెరికాలో అంత్యక్రియల వ్యయం: ధరల పట్టిక వచ్చిన దారి

అమెరికాలో మనిషి పోయాక భౌతికకాయాన్ని తరలించడం మొదలు ఖననమో దహనమో పూర్తయ్యేదాకా పనులన్నీ ఎక్కువగా ఫ్యూనరల్ హోమ్ అనే వ్యాపార సంస్థ చేతుల మీదుగా నడుస్తాయి. అక్కడి జాతీయ ఫ్యూనరల్ డైరెక్టర్ల సంఘం లెక్కల్లో 2023 నాటికి ఆఖరి చూపులతో కూడిన ఖననానికి మధ్యస్థ వ్యయం 8,300 డాలర్లు, ఆఖరి చూపులతో కూడిన దహనానికి 6,280 డాలర్లు. శ్మశానంలో స్థలం, సమాధి రాయి వీటిలో కలవవు. పాత కారు కొనడానికి పది చోట్ల వాకబు చేసే కుటుంబం కూడా ఈ ఒక్క విషయంలో బేరమాడదు. వ్యవధి ఉండదు, అనుభవం ఉండదు, పోయిన మనిషి దగ్గర లెక్కలు చూస్తున్నామా అన్న బాధ ఒకటి. ఈ వ్యాపారం పెరిగిందీ, దానికి చట్టం ముకుతాడు వేయాల్సి వచ్చిందీ ఆ నిస్సహాయత వల్లే.

పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా అక్కడా చావు ఇంటి వ్యవహారమే. ఇంటి ఆడవాళ్లు స్నానం చేయించి బట్టలు కట్టేవారు, ఊరి వడ్రంగి పెట్టె చేసేవాడు. 1861లో మొదలైన అంతర్యుద్ధం దీన్ని మార్చింది. దూరాన చనిపోయిన సైనికులను సొంత ఊరికి చేర్చడానికి రక్తనాళాల్లోకి రసాయనాలు ఎక్కించే ఎంబామింగ్ వాడుకలోకి వచ్చింది. ఇందులో థామస్ హోమ్స్ అనే వైద్యుడు పేరుపడ్డాడు. 1865లో అధ్యక్షుడు లింకన్ భౌతికకాయాన్ని ఎంబామింగ్ చేసి, వాషింగ్టన్ నుంచి ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు రైల్లో తీసుకెళ్తుంటే దారి పొడవునా జనం చూశారు. ఆ పద్ధతికి గౌరవం అలా వచ్చింది. 1882లో ఈ వృత్తివారికి జాతీయ సంఘం ఏర్పడింది.

దహనం ఆలస్యంగా మొదలైంది. 1876 డిసెంబరులో పెన్సిల్వేనియా రాష్ట్రం వాషింగ్టన్ పట్టణంలో డాక్టర్ ఫ్రాన్సిస్ లెమోయిన్ తన సొంత స్థలంలో కట్టించిన దహనశాలలో బేరన్ డి పామ్ అనే దివ్యజ్ఞాన సమాజ సభ్యుడికి దహనం జరిగింది. ఆధునిక అమెరికాలో దహనశాలలో జరిగిన మొదటి దహనం అదే. దాన్ని జరిపించిన ఆ సమాజ అధ్యక్షుడు హెన్రీ ఆల్కాట్ తరవాత మద్రాసు వచ్చి అడయారులో సమాజానికి కేంద్రం నెలకొల్పాడు. 1907లో ఆయనకూ అక్కడే దహనం జరిగింది. అమెరికాలో మాత్రం ఈ పద్ధతి చాలాకాలం కొద్దిమందికే పరిమితమైంది. కేథలిక్ చర్చి నిషేధం సడలించింది 1963లో.

అదే ఏడాది జెస్సికా మిట్‌ఫర్డ్ పుస్తకం ‘ది అమెరికన్ వే ఆఫ్ డెత్’ వెలువడింది. ఆమె భర్త రాబర్ట్ ట్రూహాఫ్ట్ ఓక్లాండ్‌లో కార్మిక సంఘాల న్యాయవాది. సభ్యుడు చనిపోతే సంఘం కుటుంబానికి ఇచ్చే సొమ్ము ఎంతో, అంత్యక్రియల బిల్లూ సరిగ్గా అంతే అవుతోందని ఆయన గమనించాడు. పెళ్లాం పిల్లలకు మిగలాల్సిన డబ్బది. మిట్‌ఫర్డ్ ఆ దారి పట్టుకుని శవపేటికల గది దాకా వెళ్లింది. ఏ పెట్టె ముందు కంటపడాలి, ఏది మూలకు ఉండాలి, చవక పెట్టె దగ్గర తటపటాయించేవారిని ఖరీదైనదాని వైపు ఎలా నడిపించాలి అన్నవన్నీ ఆ వృత్తి పత్రికల్లోంచే తీసి చూపింది. అప్పటికే సియాటిల్‌లో 1939 నుంచి పీపుల్స్ మెమోరియల్ అసోసియేషన్ అనే సహకార సంఘం సభ్యుల కోసం ముందుగానే ధర మాట్లాడి పెట్టేది. పుస్తకం తరవాత అలాంటి సంఘాలకు ఊపు వచ్చింది.

వినియోగదారుల ప్రయోజనాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యాపారంపై 1970లలో విచారణ చేపట్టింది. పరిశ్రమ గట్టిగా ఎదిరించడంతో నిబంధన అమల్లోకి రావడానికి 1984 దాకా పట్టింది. ‘ఫ్యూనరల్ రూల్’ సారం ఇది: ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి. నేరుగా వచ్చి అడిగినవారికి అంశాలవారీ పట్టిక చేతికివ్వాలి. కావలసినవి మాత్రమే కొనుక్కోవచ్చు. చట్టం అడగని చోట ఎంబామింగ్ తప్పనిసరని చెప్పకూడదు. ఏ తంతూ లేని నేరు దహనానికి శవపేటిక కొనాలనకూడదు, అట్టపెట్టె లాంటి సాదా పెట్టె అందుబాటులో ఉంచాలి. పేటిక బయట కొని తెచ్చుకుంటే అదనపు రుసుము వేయకుండా 1994 సవరణ అడ్డుకుంది. అయితే ‘ప్రాథమిక సేవల రుసుము’ను మాత్రం కుటుంబం కాదనడానికి వీల్లేదు. అది ఎంత ఉండాలో నిబంధన చెప్పదు. ఇన్ని రక్షణల మధ్య ఇది పెద్ద లోటే.

బయట కొనే హక్కు కోర్టుల దాకా వెళ్లింది. లూయీజియానాలో సెయింట్ జోసెఫ్ మఠం సన్యాసులు చెక్కతో సాదా శవపేటికలు చేసి అమ్మబోతే, లైసెన్సున్న ఫ్యూనరల్ డైరెక్టర్లే అమ్మాలని రాష్ట్ర బోర్డు అడ్డుపడింది. 2013లో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు సన్యాసుల పక్షాన తీర్పిచ్చింది. ఆ డైరెక్టర్లను పోటీ నుంచి కాపాడటం తప్ప ఆ ఆంక్షకు వేరే కారణం కనబడలేదంది.

ఈలోగా జనమే దారి మార్చారు. 1960లో 4 శాతం కూడా లేని దహనాలు 2015లో ఖననాలను మించిపోయాయి, 2023కి 60 శాతం దాటాయి. మతం పట్టు సడలడం, కుటుంబాలు చెదిరిపోవడం కారణాలే కానీ ఖర్చు తక్కువన్నది వాటికేమీ తీసిపోదు.

అక్కడి తెలుగు కుటుంబాలకు దహనం కొత్త కాదు. వారికి ఎదురయ్యే ప్రశ్న వేరు: భౌతికకాయాన్ని ఊరికి పంపాలా, అక్కడే దహనం చేసి అస్థికలు తీసుకెళ్లాలా? పంపాలంటే భారత కాన్సులేట్‌కు మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టుతో పాటు ఎంబామింగ్ ధ్రువపత్రం కూడా చూపాలి. అంటే మామూలుగా వద్దనగలిగిన ఎంబామింగ్ ఇక్కడ తప్పదు. దానిమీద విమాన రవాణా ఖర్చు. అమ్మానాన్నలు కడసారి చూసుకోవాలంటే అంత భరించక తప్పదు, అందుకే చందాలు పోగవుతాయి. అక్కడే దహనం చేస్తే కొన్ని దహనశాలలు కొడుకునో కూతురినో దహన యంత్రం మీట నొక్కనిస్తాయి. దానికి విడిగా రుసుము ఉంటుందేమో పట్టికలో చూసుకోవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి, వేడికి అది పేలుతుంది.

1984 నాటి నిబంధనలో వెబ్‌సైట్ల ఊసు లేదు. ధరలు ఆన్‌లైన్‌లో పెట్టించే విషయమై కమిషన్ 2022లో అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. తరవాత కమిషన్ సిబ్బంది మామూలు వినియోగదారుల్లా 250కి పైగా ఫ్యూనరల్ హోమ్‌లకు ఫోన్ చేసి ధరలు అడిగారు. 2024 జనవరిలో 39 సంస్థలకు హెచ్చరిక లేఖలు వెళ్లాయి. వాటిలో చాలావరకు ధర చెప్పకపోవడం, ఒకే సేవకు ఒక్కో ఫోన్‌లో ఒక్కో ధర చెప్పడం గురించినవే.