ఉత్తరాంధ్ర తీరంలో తుపాను రాడార్: విస్తృత లక్ష్యాన్వేషణ – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. నాటి యుద్ధ రాడార్లకు లక్ష్యం విమానం. తెరపై అది ఒక చుక్క. వానమబ్బుల నుండి వచ్చే తిరుగు సంకేతం ఆ చుక్కను కప్పివేసే అడ్డంకి. యుద్ధానంతరం వాతావరణ శాస్త్రజ్ఞులు ఆ అడ్డంకినే లక్ష్యంగా స్వీకరించారు. ఈ మార్పు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఎంతవరకు ఉపకరించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విస్తృత లక్ష్య స్వభావం:
రాడార్ దూరాన్ని గడులుగా విభజించి చూస్తుంది. ఒక్క గడిలో ఇమడక అనేక గడులలో పరచుకొనేది విస్తృత లక్ష్యం. సంకేతపు బ్యాండ్‌విడ్త్ పెరిగేకొద్దీ గడి చిన్నదవుతుంది: 1 మెగాహెర్ట్జ్‌కు 150 మీటర్లు, 150 మెగాహెర్ట్జ్‌లకు 1 మీటరు. అంత సూక్ష్మంగా చూస్తే విమానం సైతం పలు గడులలోకి విడిపోతుంది. ఒక్కొక్క గడిలోని స్వల్పశక్తి రొదలో కలిసిపోతుంది. అందువల్ల పొరుగు గడుల శక్తిని కూడి నిర్ణయించవలసి ఉంటుంది. తుపాను పరిమాణం చేతనే విస్తృత లక్ష్యం. దాని వానపట్టీలను, నడిమి కన్నును ఏ ఒక్క గడీ చూపలేదు; మొత్తం ఆకృతే చూపగలదు.

విశాఖ రాడార్:
దేశంలో తొలి తుపాను రాడార్‌ను భారత వాతావరణ శాఖ 1970లో విశాఖపట్నంలో నెలకొల్పింది. 10 సెంటీమీటర్ల తరంగాలు భారీ వర్షంలోనూ అంతగా క్షీణించవు. కొండల తిరుగు సంకేతాలు మాత్రం వాన సంకేతాలతో కలిసిపోయేవి. కొండ కదలదు, వాన కదులుతుంది. తరువాత వచ్చిన డాప్లర్ రాడార్ వేగాన్ని కొలిచి ఈ రెంటినీ వేరుచేసింది. 2014 అక్టోబర్ 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ ఆ రాడార్‌నే దెబ్బతీసింది.

దూరం వల్ల ఏర్పడిన వెలితి:
భూమి వంపు కారణంగా దూరం పెరిగేకొద్దీ రాడార్ కిరణం నేలకు ఎత్తుగా సాగుతుంది. విశాఖ నుండి అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం సుమారు 47 కి.మీ. దూరంలోని విజయనగరంపై దాదాపు అర కిలోమీటరు ఎత్తున ఉంటే, సుమారు 165 కి.మీ. దూరంలోని పలాసపై 3 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒక డిగ్రీ కిరణం అక్కడ దాదాపు 3 కిలోమీటర్ల మేర విప్పారుతుంది. అంటే నేలనుండి ఒకటిన్నర కిలోమీటర్ల వరకు గాలి, వాన ఆ కిరణానికి అందవు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140–150 కి.మీ. గాలులతో తీరం దాటింది ఆ పలాస సమీపంలోనే. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చినది నేలమీది గాలి.

ముగింపు:
ఏది లక్ష్యం, ఏది రొద అన్నది వెదికేవారి అవసరాన్ని బట్టి మారుతుందని ఈ చరిత్ర నిరూపిస్తున్నది. సంకేత విశ్లేషణ ఎంత మెరుగుపడినా, కిరణం తాకని గాలిని అది చూపలేదు. కనుక శ్రీకాకుళం ఉత్తర తీరానికి విశాఖ రాడార్ ఒక్కటే చాలదు. పొరుగు రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు, నేలమీది వర్షమాపకాలు, గాలివేగ మాపకాలు ఆ వెలితిని పూరించవలసి ఉన్నది.